కడమడి

నీరుగంటి ఓబులేసు జన్మలో చెప్పులు తొడగలేదు. పెళ్ళినాడు మామగారు కిర్రు చెప్పులు పెడితే, పందిరి దాటగానే విప్పి చంకలో పెట్టుకున్నాడట. అదేదో వ్రతం కాదు, ఆయన పని అలాంటిది. ఏ మడిలో ఎంత తడి ఉందో ఆయనకు అరికాలే చెప్పాలి. చెరువు తూము తీసి, పార భుజాన వేసుకుని, కాలువ వెంట నడుస్తూ ఒక్కో మడికీ నీళ్ళు మళ్ళించేవాడే నీరుగంటి. మడి తడవగానే రైతు గట్టు మీద నిలబడి "ముట్టింది" అని కేకేయాలి. ఆ కేక వినబడితే గానీ ఓబులేసు పక్క మడికి గండి కొట్టడు. రైతు బీడీ ముట్టించుకుని కేక మరిచిపోతే ఈయన కూడా పార ఆనించుకుని అక్కడే నిలబడిపోతాడు. పక్క మడివాడు తిట్టినా సరే, కదలడు.

నీరుగంటికి ఆయకట్టులో సెంటు నేల ఉండకూడదని కట్టడి. సొంత మడి ఉన్నవాడి పార ఎప్పుడో ఒకప్పుడు సొంత మడి వైపే తిరుగుతుందని పాతవాళ్ళ భయం. పంట కల్లానికి వచ్చాక రైతులు కొలిచి ఇచ్చే బస్తాయే ఆయన కూలి. అందుకే నీరుగంటోళ్ళ వాడ వంకకు అవతల, పొలాలకు దూరంగా ఉండేది. ముప్పై ఒక్క ఇళ్ళు, ఒక చేతి బోరింగు, నాలుగు వేపచెట్లు, వాళ్ళ శ్మశానం. అంతే వాళ్ళ ఆస్తి.

ఓబులేసు కూతురు సుంకమ్మ బూజు మీద పెద్ద చదువు చదివింది. బూజు దులిపేవాళ్ళను చూశాం గానీ బూజు చదివేవాళ్ళను చూడలేదని మేనత్త మారెక్క వాడంతా నవ్వించేది. నవ్వుతూనే పక్క వాడలకు పోయి మా కోడలు డాక్టరమ్మ అని చెప్పుకునేది. బెంగుళూరులో మంచి ఉద్యోగంలో ఉన్న సుంకమ్మ దాన్ని వదిలేసి వచ్చి, మూతపడ్డ వేరుశనగ నూనెమిల్లులో ప్రయోగశాల పెట్టింది. పిలిచింది నాలుగూర్ల సభ.

ఈ సభ గురించి చెప్పాలి. అనంతపురం మెట్టలో నాలుగు పంచాయతీలు కలిసి పెట్టుకున్న సభ అది. ఒకరికంటే ఒకరు లోతుగా బోర్లు వేసి, వెయ్యి అడుగుల దగ్గర దుమ్ము తప్ప ఏమీ రాక, చివరికి బుద్ధి తెచ్చుకున్న జనం వాళ్ళు. ఆరువందల బోర్లకు వాళ్ళే సిమెంటు మూతలు వేసుకున్నారు. వరి మానేశారు. విత్తనాలు ఉమ్మడి, ఎద్దులు ఉమ్మడి, ఎండతో కరెంటు తీసే పలకలు ఉమ్మడి. సభలో ఏ తీర్మానానికైనా ఒక్క చెయ్యి అడ్డం లేచినా అది చెల్లదు. నలుగురి మాట కింద ఒక్కడి మాట నలిగిపోకూడదని పెట్టుకున్న నియమం. మంచి నియమమే. ఆ మాటకొస్తే ఈ కథలో చెడ్డవాడంటూ ఎవడూ లేడు. ఉంటే ఎంత బాగుండేదో, తిట్టుకోవడానికైనా ఒకడు దొరికేవాడు.

సుంకమ్మ కనిపెట్టినదానికి జనమే తడిబూజు అని పేరు పెట్టారు. నేల కింద తెల్లటి దారాల్లా అల్లుకుపోయే బూజు. సభ రోజున ఆమె మిల్లు వాకిట్లో రెండు సిమెంటు తొట్లు పెట్టించి, ఒకదాంట్లో తడిమన్ను, ఇంకోదాంట్లో దుమ్ము పోయించి, రెంటినీ కలుపుతూ ఒక గొట్టం వేసి అందులో బూజు పెట్టింది. నాలుగో రోజు మళ్ళీ అందర్నీ పిలిచి, తండ్రి కళ్ళకు తుండు కట్టి, ఒక్కో కాలూ ఒక్కో తొట్లో పెట్టమంది. ఓబులేసు చాలాసేపు అలాగే నిలబడ్డాడు. కాళ్ళు మార్చి చూశాడు.

"రెండూ ఒకటే తడి. ఏది తడిమన్నో ఏది దుమ్మో నాకు తెలీలేదు," అన్నాడు.

ఆయనకు తెలియకపోవడం జనం ఎప్పుడూ చూడలేదు. యంత్రాలు చూపిస్తే నమ్మేవాళ్ళు కారేమో గానీ ఆ మాటకు నమ్మేశారు.

ఇంకొక సంగతి కూడా ఆమె ఆ తొట్లతోనే చూపించింది. ఉప్పులూ ఆకుపసరూ కలిపి కాల్చిన చిన్న మట్టిబిళ్ళ ఒకటి తొట్లో పాతితే, బూజు ఆ తొట్టిని తనదిగా గుర్తుపెట్టుకుంటుంది. బిళ్ళ ఉన్నచోటికి తడి తెచ్చిపోస్తుంది. బిళ్ళ లేని చోటి నుంచి తీసుకుంటుంది. గుట్టల మీద కురిసి ఎవరికీ కాకుండా పోయే వాన, బీళ్ళ మీద పడే మంచు, ఇవన్నీ పొలాలకు చేరతాయి. అయితే బూజు నేర్చుకునేది మొదటి నలభై రోజులే. ఆ తర్వాత ఎన్ని బిళ్ళలు పాతినా దానికి పట్టదు. నలభై రోజుల్లోనే అంతా పూర్తి కావాలని ఆమె గట్టిగా చెప్పింది. సభలో ఒక్క చెయ్యీ అడ్డం లేవలేదు.

బిళ్ళలు ఎవరు పాతాలన్న ప్రశ్నే రాలేదు. నీళ్ళు పంచేది నీరుగంటే గదా. ఓబులేసు బుట్ట నెత్తిన పెట్టుకుని రెండువేల ఆరువందల ఎకరాలూ కాలినడకన తిరిగాడు. ముప్పై ఎనిమిదో రోజుకు పొలాలూ, నాలుగూర్ల ఇళ్ళూ అన్నీ అయిపోయాయి. ముప్పై తొమ్మిదో రోజు పొద్దున సుంకమ్మ ఇంకో బుట్ట తెచ్చి తండ్రి ముందు పెట్టింది. అందులో ముప్పై ఒక్క బిళ్ళలున్నాయి.

"మన వాడకు, నాయనా. ఇంటికొకటి," అంది.

ఓబులేసు బుట్ట వైపు చూశాడు గానీ చెయ్యి పెట్టలేదు.

"వద్దు పాపా. పంచేటోడు తనకూ ఒక పాలు పెట్టుకుంటే రేపు ఎవురు నమ్ముతారు?"

"మనకు సేన్లు యాడుండాయి నాయనా? ఇది తాగే నీళ్ళకే."

"తాగేదానికి బోరింగుండాది. ఎత్తుకపో."

ఆమె ఇంకొంచెం గట్టిగా అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఎందుకంటే ఆ క్షణంలో ఆమెకు తండ్రిని చూసి గర్వం కలిగింది. నలభై ఏళ్ళు ఇతరుల మడులు తడిపి, తన కాళ్ళకింద తడి కోరుకోని మనిషి అని కళ్ళు చెమర్చాయి కూడా. పైగా వాడకూ పొలాలకూ మధ్య వంక ఉంది, వంక అడుగంతా ఏకరాతి బండ. బండను బూజు దాటలేదు. మిల్లుకు తిరిగివచ్చి నోటుపుస్తకంలో వాడ పేరు ఎదురుగా "వంక దాటదు" అని రాసుకుంది. పరీక్షించి చూడలేదు. ఆ రెండు మాటలూ తర్వాత ఆమె ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు.

మూడేళ్ళు స్వర్గంలా గడిచాయి. వానలు సగానికి సగం తగ్గిన ఏడు కూడా వేరుశనగ ఊడ దిగింది, కంది కాసింది. ట్యాంకర్లు రావడం మానేశాయి. వలసపోయిన కుటుంబాలు తిరిగొచ్చి తాళాలు తీసుకున్నాయి. ఎక్కడెక్కడి పంచాయతీలవాళ్ళో బస్సుల్లో వచ్చి చూసిపోయేవారు. అధ్యక్షురాలు హంపమ్మ, దేవరబండ సర్పంచి, వచ్చిన ప్రతివాళ్ళకూ ఓబులేసును చూపించి మా నీరుగంటి ఈయనేనని చెప్పేది.

నెలకొకసారి సభలో సుంకమ్మ తడిలెక్క చదివేది. పొలాల్లో అక్కడక్కడా దిగ్గొట్టిన ఇనుపముళ్ళు ఏ దిక్కు నుంచి ఎన్ని లీటర్ల తడి వచ్చిందో, ఏ కట్టకు ఎంత చేరిందో మిల్లులోని యంత్రానికి చెబుతాయి. నాలుగూర్ల పొలాలనూ నలభై రెండు కట్టలుగా విడగొట్టారు. ఒక్కో కట్టకు ఒక పెద్దమనిషి. ఆమె కట్ట పేరు, వాటా చదవగానే ఆ మనిషి లేచి "ముట్టింది" అనాలి. అంటేనే తర్వాతి పేరు. ఆ పద్ధతి పెట్టమన్నది ఓబులేసే. పొలంలో పార పట్టే పని లేకుండా పోయిన ముసలాయన, సభలో మూల కూర్చుని ఆ నలభై రెండు కేకలూ కళ్ళు మూసుకుని వినేవాడు.

నాలుగో ఏడు ఫాల్గుణంలో మారెక్క మిల్లుకు వచ్చింది. ఆమె ఎప్పుడూ నవ్విస్తూ వచ్చే మనిషి. ఆ రోజు నవ్వలేదు. కడవలో నీళ్ళు నిలవడం లేదని చెప్పింది. కొత్త కడవ, చిల్లు లేదు. నేల మీద పెడితే రెండు పూటలకు అడుగంటుతోంది, రాయి మీద పెడితే ఉంటోంది. బోరింగు నలభైసార్లు కొడితే గానీ చెంబు నిండటం లేదు. నేల మీద చాప వేసుకుని పడుకున్న పిల్లలు వీపులు పగిలి, నాలుకలు పిడచకట్టి లేస్తున్నారు. వేపచెట్లు చిగురు వేసే కాలంలో ఆకు రాలుస్తున్నాయి.

అత్త చెబుతుండగానే సుంకమ్మకు అర్థమైపోయింది. అయినా పలుగు తీసుకుని వాడకు వెళ్ళి, బోరింగు పక్కన జానెడు లోతు తవ్వింది. మన్ను పిండిలా జారింది. అందులో తెల్లటి దారాలు దట్టంగా ఉన్నాయి. బండను బూజు దాటలేదు, నిజమే. కానీ వంకకు పైన, బండ పగులులో ఒక కానుగచెట్టు ఉంది. దాని వేళ్ళు రెండు గట్లకూ పాకాయి. బూజు ఆ వేళ్ళను పట్టుకుని ఇవతలకు వచ్చింది. వచ్చి చూస్తే ఇక్కడ ఒక్క బిళ్ళ కూడా లేదు. దాని లెక్కలో ఈ వాడ గుట్టలాంటిదే, బీడులాంటిదే. ఎవరికీ చెందని నేల. ఇక్కడి నుంచి పోయిన తడి ఆమె లెక్కల్లో కూడా ఇన్నాళ్ళూ గుట్టల తడిలోనే కలిసిపోయింది.

తర్వాత రెండు వారాలు ఆమె మిల్లులోంచి బయటికి రాలేదు. వాడ నుంచి తెచ్చిన మన్నులో కొత్త బిళ్ళలు పెట్టి చూసింది. వేడిచేసి చూసింది, పసరు నాలుగింతలు పెంచి చూసింది. బూజు బిళ్ళ చుట్టూ తిరిగి, దాని తడి కూడా పీల్చుకుని పోయింది. నలభై రోజుల తర్వాత అది ఏమీ నేర్చుకోదని అందరికీ చెప్పింది తనే. చివరికి రైతులు తెగుళ్ళకు కొట్టే మైలుతుత్తం నీళ్ళు ఒక తొట్లో చల్లింది. బూజు చచ్చింది. ఆ తొట్లోదే కాదు, గొట్టాలతో దానికి కలిపిన పదకొండు తొట్లలోదీ సాయంత్రానికల్లా నల్లబడింది. తొట్లు పన్నెండైనా బూజు ఒక్కటే ప్రాణి. రెండువేల ఆరువందల ఎకరాల కింద ఉన్నదీ ఒక్కటే. దాన్ని ఒక మూల చంపి మిగతాది బతికించడం కుదరదు.

చంపితే ఏమవుతుందో కూడా ఆమె లెక్కవేసింది. బోర్లకు మూతలున్నాయి. బావులు పూడ్చారు. నాలుగూర్లు ఆ ఏడు ఎండుతాయి, కొత్త బూజు పెరగడానికి ఇంకో రెండేళ్ళు. చంపకపోతే వాడ ఎండుతుంది. మధ్యలో మూడో దారి ఏదైనా ఉందేమోనని ఆమె తలబాదుకుంది. దొరకలేదు.

సభ పెట్టారు. సుంకమ్మ ఏదీ దాచలేదు. బుట్ట వెనక్కి తెచ్చిన సంగతి, "వంక దాటదు" అని రాసుకున్న సంగతి, అంతా చెప్పి, తప్పు తనదని ఒప్పుకుంది. మైలుతుత్తం చల్లి బూజును చంపుదామని తీర్మానం పెట్టమంది. హంపమ్మ కళ్ళొత్తుకుని తీర్మానం పెట్టింది. అడ్డం ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

ఒక చెయ్యి లేచింది. వన్నూరప్పది. మూడేళ్ళ కిందట వలస నుంచి తిరిగొచ్చిన రైతు, ఇప్పుడు ఒకటో కట్ట పెద్దమనిషి. తనకు వాడ మీద పగ లేదని, ఓబులేసు పారించిన నీళ్ళతోనే తన ఇల్లు బతికిందని, కానీ మళ్ళీ భార్యాపిల్లల్ని తీసుకుని కేరళ పోయి ఫుట్‌పాత్ మీద పడుకోలేనని, అక్కడే తన పెద్దకూతురు జ్వరంతో పోయిందని చెప్పాడు. చెప్పినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. చెయ్యి మాత్రం దించలేదు. ఆయన ఒక్కడే చెయ్యెత్తాడు గానీ, మిగతావాళ్ళ మొహాల్లో ఊరట కనిపించింది. అది సుంకమ్మ చూసింది.

తీర్మానం చెల్లలేదు. అప్పుడు హంపమ్మ ఓబులేసు వైపు తిరిగింది. నలభై ఏళ్ళు నీళ్ళు పంచినవాడివి, నువ్వే చెప్పు, నువ్వు చెప్పినట్టు చేస్తామంది. ఆ భారం ఆయన మీద పెట్టడం న్యాయమేనా అని ఆ సభలో ఒక్కరూ అడగలేదు. ఆయన నోటి వెంట ఏ మాట వస్తే అదే న్యాయమని వాళ్ళ అలవాటు.

ఓబులేసు మూల నుంచి లేచి వచ్చి మధ్యలో నిలబడ్డాడు. అరికాళ్ళు నెర్రెలు పడి ఉన్నాయి. ఆయన మాత్రం పొలాల్లో తిరిగినప్పటిలాగే నిటారుగా ఉన్నాడు.

"చెరువులో నీళ్ళు తక్కువైన ఏడు అన్ని మడులూ సగం సగం తడిపితే ఏదీ పండదు. అందుకని కాలవ చివర ఉండే కడమడి ఎండబెట్టేది. ఎండబెట్టింది నేనే. ఆ మడి ఎవురిదని నేను ఎప్పుడూ చూళ్ళేదు. మొగుడు సచ్చిన ఆడామెది ఒకసారి, నాకు అన్నం పెట్టినోళ్ళది ఒకసారి ఎండబెట్టినా. వాళ్ళు నన్ను ఒక మాట అన్లేదు. ఇప్పుడు కడమడి మాది. బూజును సంపొద్దు. వాడను లేపండి."

"నాయనా, అది మడి కాదు. మనుషులు," అంది సుంకమ్మ.

"తెల్సు పాపా," అన్నాడు ఆయన.

వాడను రోడ్డు పక్క బండగుట్ట మీదికి మార్చాలని, ఇళ్ళు నాలుగూర్లవాళ్ళూ చేతులు కలిపి కట్టివ్వాలని హంపమ్మ రెండో తీర్మానం పెట్టింది. అడ్డం ఎవరైనా ఉన్నారా అంది. మారెక్క చెయ్యి సగం లేచింది. ఒక్క చెయ్యి చాలు, తీర్మానం చెల్లదు. ఓబులేసు చెల్లెలి వైపు చూశాడు, అంతే. ఆ చెయ్యి మెల్లగా దిగిపోయింది. సుంకమ్మకు నెలల తరబడి నిద్రలో కూడా ఆ చెయ్యే కనిపించింది.

ఇళ్ళు మాటిచ్చినట్టే కట్టారు. వన్నూరప్ప ఇరవై రోజులు పొలం వదిలేసి రాళ్ళు మోశాడు. ముప్పై ఇళ్ళు లేచిపోయాయి. దూలాలు, తలుపులు, రుబ్బురోళ్ళు బండ్ల మీద పోయాయి. వెళ్ళేముందు మారెక్క అన్న వాకిట్లోకి వచ్చింది. మాట్లాడదేమోనని సుంకమ్మ అనుకుంది.

"ఊరోళ్ళందరికీ న్యాయం జేసినావు. కన్నబిడ్డకు, తోడబుట్టినోళ్ళకు జెయ్యల్యా," అంది మారెక్క. అని, అన్న కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయింది.

ముప్పై ఒకటో ఇల్లు లేవలేదు. ఎంత చెప్పినా ఓబులేసు కదలనన్నాడు. తీర్పు చెప్పినవాడు దాని నుంచి తప్పించుకోకూడదట. కడమడివాడు చివరిదాకా గట్టు మీద ఉండాలట. సుంకమ్మ అరిచింది, బతిమాలింది, రెండు రోజులు తిండి మానేసింది. ఆయన వినలేదు. చివరికి మందపాటి రబ్బరు చెప్పులు, నవారు మంచం కొనితెచ్చింది. నేల తాకకుండా ఉంటే చాలు నాయనా అని కాళ్ళు పట్టుకుంది. ఆయన చెప్పులు గోడ మేకుకు తగిలించాడు. మంచం మీద కూతురు తెచ్చిన నీళ్ళ క్యాన్లు పెట్టుకుని, తను నేల మీదే పడుకున్నాడు. నేల ఎంత ఎండిందో తెలియాలంటే తనకు వేరే దారి లేదన్నాడు.

వైశాఖంలో ఆయన మూత్రం ఆగిపోయింది. అనంతపురం ఆస్పత్రిలో సూది పెట్టడానికి నరం దొరకలేదు. రెండు మూత్రపిండాలూ ఎండిన గోరుచిక్కుళ్ళలా అయిపోయాయని డాక్టరు చెప్పాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయన కూతుర్ని దగ్గరికి పిలిచి, వాడ శ్మశానంలో మీ అమ్మ పక్కనే పూడ్చమని అడిగాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. సాయంత్రం నాలుగింటికి పోయాడు.

పూడ్చే రోజున సుంకమ్మ గోతిలో పరచడానికి టార్పాలిన్ పట్ట తెచ్చింది. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. మారెక్క మాత్రం పట్టను చూసి బావురుమంది. మా అన్నకు మట్టి తగలనియ్యవా, జీవితమంతా మట్టిలో నడిచిన మనిషిని ప్లాస్టిక్‌లో చుట్టి పంపుతావా అంది. వాడవాళ్ళందరూ అదే అన్నారు. మట్టి తగలకుండా పూడ్చడం వాళ్ళ కులంలో లేదు. సుంకమ్మ పట్ట మడిచి పక్కన పెట్టింది. ఆ బుట్ట వెనక్కి తీసుకుపోయినట్టే ఇదీ తీసుకుపోయింది. నాలుగూర్ల జనమూ వచ్చి తలా పిడికెడు మట్టి వేశారు.

పన్నెండు రోజుల తర్వాత మిల్లులో యంత్రం కొత్త వరస ఒకటి చూపించింది. వంక అవతలి దిక్కు నుంచి మూడు వారాలుగా చుక్క రావడం లేదు, వాడ ఎప్పుడో వట్టిపోయింది. ఇప్పుడు ఒక్కచోటి నుంచి, ఆరడుగుల నేల నుంచి తడి వచ్చింది. ఇరవై ఆరు లీటర్లు. తర్వాత ఆగిపోయింది. సుంకమ్మ కుర్చీలోంచి లేచి ఆ గదిలోనే రెండుసార్లు తిరిగి వచ్చి మళ్ళీ చూసింది. బూజు ఆ ఇరవై ఆరు లీటర్లనూ రెండువేల ఆరువందల ఎకరాలకు సమానంగా పంచింది. ఎకరానికి పది మిల్లీలీటర్లు. ఎక్కడా చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆ నెల తడిలెక్క చదవొద్దని హంపమ్మ ఆమెకు నచ్చజెప్పబోయింది. ఈ ఒక్కసారికి వదిలేయమ్మా, నీ మనసు బాగాలేదంది. సుంకమ్మ ఒప్పుకోలేదు.

సభలో ఆమె ముందు ఎప్పటిలాగే గుట్టల నుంచి వచ్చిన తడి చదివింది, బీళ్ళ నుంచి వచ్చింది చదివింది. నలభై రెండు కట్టలవాళ్ళూ లేచి ముట్టిందన్నారు. అప్పుడు ఆమె రెండో కాగితం తీసింది.

"నీరుగంటోళ్ళ శ్మశానం నుంచి ఇరవై ఆరు లీటర్లు," అని చదివింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ముందు వరసలో ఎవరో ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హంపమ్మ తల దించుకుంది. బండగుట్ట నుంచి వచ్చి వెనక నిలబడ్డ మారెక్క అలాగే నేల మీద కూలబడిపోయింది.

"ఒకటో కట్ట. వన్నూరప్ప. అరవై ఎకరాలు. ఆరువందల మిల్లీలీటర్లు," అని చదివి సుంకమ్మ ఆగింది.

వన్నూరప్ప లేవలేదు. మిగతావాళ్ళు గోడల వైపు, కాళ్ళ వైపు చూస్తున్నారు. సుంకమ్మ రెండో పేరు చదవలేదు. కాగితం పట్టుకుని, తండ్రి గట్టు మీద పార ఆనించుకుని నిలబడినట్టే నిలబడింది. కేక వినకుండా పక్క మడికి పోవడం వాళ్ళ ఇంటా వంటా లేదు. చివరికి వన్నూరప్ప పక్కవాడి భుజం పట్టుకుని లేచాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"ముట్టిందమ్మా," అన్నాడు.

ఆమె రెండో పేరు చదివింది. తర్వాత మూడోది. ఒక్కొక్కరే లేచి, చెప్పులు విప్పి, ఆ మాట అని కూర్చున్నారు. ఎవరూ గట్టిగా అనలేదు, కానీ ప్రతి మాటా వినబడింది. నలభై రెండూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మైలుతుత్తం మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు. సుంకమ్మ కూడా ఎత్తలేదు. ఎత్తితే ఆయన చావు దేనికీ కాకుండా పోతుందని ఆమెకు భయం.

ఆ ఏడు వేరుశనగ విరగకాసింది. కల్లాలయ్యాక నాలుగూర్లవాళ్ళూ కలిసి నీరుగంటి బస్తా కొలిచి, మూతి కుట్టి, వన్నూరప్ప బండి మీద మిల్లుకు పంపించారు. ఆయనకు కొడుకులు లేరు గనక అది ఇక నుంచి నీదేనని కబురు పెట్టారు. సుంకమ్మ బస్తాను నేల మీద దించనివ్వలేదు, బల్ల మీద పెట్టించింది. వన్నూరప్ప మూతి కుట్టు తెంపి, నాలుగు కాయలు తీసి, రుచి చూడమని చేతిలో పెట్టాడు. ఆయన మొహం చూసి ఆమె వద్దనలేకపోయింది. బండి వెళ్ళిపోయాక ఒక కాయ చిదిమింది. గింజ బలంగా, నిండుగా ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసి, తిరిగి బస్తాలో వేసి, దబ్బనం తెచ్చుకుని మూతి కుట్టేసింది.